గూడ్సుబండి ఇరుసునకు కాపలా

జనుల అడుగుల త్రొక్కుడుతో నగరములకు దీపములు వెలిగింపవచ్చునను వార్త కొన్నేండ్లకొకమారు వెలువడి, నలుగురకును వినోదము గూర్చి మరుగుపడుచుండును. టోకియో రైల్వేస్టేషనులో 2008 సంవత్సరమున ఇట్టి నేలను పరచి పరీక్షించిరి. అడుగునకు అయిదు జౌళ్ల శక్తి లభించునని ఉదారముగా లెక్కకట్టినను, ఒక్క యూనిట్ విద్యుత్తునకు 7,20,000 అడుగులు పడవలెను. ఆ యూనిట్‌తో 75 వాట్ల పంఖా ఒకటి పదమూడు గంటలు తిరుగును. ఇందులకు పన్నుల సొమ్ము వెచ్చింపుడని ఏ పురపాలక సంఘమునకును మేము సలహా చెప్పజాలము.

అయినను ఈ విద్యనంతటిని త్రోసివేయుట తొందరపాటు. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుదావేశము పుట్టునని క్యూరీ సోదరులు 1880లోనే కనుగొనిరి. రెండు భిన్నపదార్థముల ఒరపిడినుండి విద్యుత్తును రాబట్టు సాధనమును అమెరికాలోని జార్జియా టెక్ యందు జాంగ్ లిన్ వాంగ్ బృందము 2012లో ప్రకటించెను. వీనివలన లభించునది అత్యల్పము. కాని యంత్రముల స్థితిగతులను కనిపెట్టి తెలుపు సెన్సరునకు కావలసినదియు అత్యల్పమే. జర్మనీలో 2001లో సీమెన్స్ నుండి వేరుపడిన ఎనోషన్ సంస్థవారి స్విచ్చి, వ్రేలు నొక్కిన కదలికతోనే, తీగయు బ్యాటరీయు లేకయే, దీపమునకు రేడియో సందేశము పంపుచున్నది. అందులకు జౌలులో పదివేలవ వంతు మాత్రము చాలును.

ఈ స్వల్పశక్తి మన దేశమున అక్కరకువచ్చు చోటు గూడ్సుబండి యని మా అభిప్రాయము. సింగరేణి బొగ్గు మోయు వాగనులో విద్యుత్తు లేదు. ఇరుసుపెట్టెలోని బేరింగు అరిగి కాగినచో ఇరుసు విరిగి బండి పట్టాలు తప్పవచ్చును. దానిని పసిగట్టుట నేడు స్టేషనులలో నిలిచి చూచు సిబ్బంది కన్నులపైనను, అచ్చటచ్చట పట్టాల ప్రక్కన నెలకొల్పిన యంత్రములపైనను ఆధారపడియున్నది. రెండు యంత్రముల నడుమ కాగిన బేరింగు సంగతి ఎవరికి తెలియును? సెన్సరునకు బ్యాటరీ కట్టవచ్చును గదా యందురు. మన రైల్వేలకు మూడులక్షలకు పైబడిన వాగనులున్నవి. వానిలో సాధారణముగా ఒక్కొక్కదానికి ఎనిమిది ఇరుసుపెట్టెలు. ఇన్నింటికి బ్యాటరీలు మార్చుచు తిరుగువారెవరు?

చక్రపు అదురునుండియే శక్తిని గ్రహించు సెన్సరునకు ఈ చిక్కు లేదు. బండి నిలిచినచో శక్తి పుట్టదు, నిజమే. కాని నిలిచిన బండిలో బేరింగు కాగదు. సౌతాంప్టన్‌లోని పర్పెట్యువం సంస్థ ఇట్టి సాధనములను ఇంగ్లండులో ప్రయాణికుల బండ్లకు అమర్చినది. ఆ సంస్థను 2021లో హిటాచీ రైలువారు కొనిరి.

లోపములు లేకపోలేదు. ఒరపిడి సాధనములలోని ఆవేశము తేమగాలికి జారిపోవును. మన కోస్తాలో తేమకు కొదువ యెక్కడిది? అదురుతో పనిచేయునవి ఒక వేగమునకు అమరినచో వేరొక వేగమున మందగించును. కావున విదేశపు ఫలితములను నమ్మి కొనుగోలునకు దిగుట తగదు. రైల్వేవారు ఒక బొగ్గు మార్గమున, ఒక వర్షకాలము పొడుగునను, కొన్ని వాగనులపై వీనిని పరీక్షించి, ఎన్ని సెన్సర్లు నిలిచినవో, ఎన్ని అబద్ధపు హెచ్చరికలు చేసినవో ప్రజలకు వెల్లడింపవలెను. రెండవ లెక్క మొదటిదానికంటె ముఖ్యము. అబద్ధపు హెచ్చరికకు గూడ్సు నిలిచిన ప్రతిపర్యాయమును దాని వెనుక ప్యాసింజరు బండియు నిలుచును.