సంచులు కొనొద్దు, కుట్టుకుందాం

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవానికి మన శాఖ తరఫున అందరికీ ఒక గుడ్డసంచి ఇవ్వాలని అనుకుంటున్నారు. తెల్ల కాన్వాసు, దాని మీద నల్లటి తెలుగు అక్షరాలు, కింద కాలేజీ గుర్తు. మాదిరి సంచి స్టాఫ్ రూము బల్ల మీద ఉంది, చాలామంది చూసే ఉంటారు. బాగుంది. అయినా ఆ ఆర్డరు ఇవ్వొద్దని మేడంలనూ సీనియర్ అక్కలనూ అడగడానికే ఇది రాస్తున్నాను. సంచి కావాలి. కానీ ఇళ్ళల్లో ఉన్న పాత గుడ్డలతో పెద్దది ఒకటి మనమే కుట్టుకుంటే చాలు.

ముందు ఒక లెక్క. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011లో రకరకాల సంచులను పోల్చి ఒక నివేదిక ఇచ్చింది. ఒక్కసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కన్నా కొత్త కాటన్ సంచి వల్ల వాతావరణానికి తక్కువ చెరుపు జరగాలంటే, దాన్ని 131 సార్లు వాడాలట. పత్తి పండించడం, నూలు వడకడం, నేయడం, వీటన్నిటి ఖర్చూ ఆ సంచి పుట్టేటప్పటికే దాని నెత్తిన అప్పుగా ఉంటుంది. దీనర్థం ప్లాస్టిక్ మంచిదని కాదు. రోజూ బస్సులోంచి కూవం చూస్తూ వచ్చేవాళ్ళం, ఆ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మీ ఇంట్లో ఎన్ని గుడ్డసంచులు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. మా ఇంట్లో వంటింటి తలుపు వెనక మేకుకి పదకొండు వేలాడుతున్నాయి. సెమినార్లవి మూడు, నగల కొట్టుది ఒకటి, మిగతా ఏడూ పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి ఇచ్చినవి. ఏ ఒక్కటీ 131 దరిదాపులకు రాలేదు. ఎందుకు రాలేదంటే అన్నీ చిన్నవే. ఒక కొబ్బరికాయ, రెండు తమలపాకులు పట్టే సంచిలో వారానికి సరిపడా కూరగాయలు ఎలా పడతాయి? సొరకాయ బయటికి తొంగి చూస్తుంది, టమాటాలు మళ్ళీ ప్లాస్టిక్ కవర్లోకే వెళ్తాయి.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. అమ్మ "సంచి తే" అంటుంది, నాన్న "పై ఎడు" అంటారు. చిన్నప్పుడు మా తమ్ముడు ఆ మాటకి అటక పైకి చూసేవాడు. పల్లెటూరివాడని ఎగతాళి చేయాలంటే ఒకప్పుడు "మంజప్పై" అనేవాళ్ళట. 2021 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం "మీండుం మంజప్పై" అని ప్రచారం మొదలుపెట్టాక ఆ పసుపు సంచికి మళ్ళీ మర్యాద వచ్చింది. కోయంబేడు మార్కెట్లో 10 రూపాయలు వేస్తే సంచి ఇచ్చే యంత్రం కూడా పెట్టారు. మంచి పనే. కానీ ఇంట్లో మరిచిపోయి వచ్చిన ప్రతిసారీ 10 రూపాయలు వేసి ఇంకొకటి తెచ్చుకుంటే, మేకు మీద బరువు పెరగడం తప్ప ఏం లాభం?

పాత గుడ్డ సంగతి వేరు. దాని అప్పు ఎప్పుడో తీరిపోయింది. రంగు వెలిసిన కాటన్ కర్టెన్, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు దీనికి బాగా పనికొస్తాయి. దుప్పటి పలుచన కాబట్టి రెండు పొరలు వేయాలి. లోపల అమ్మ పాత వాయిల్ చీర ముక్క వేస్తే లైనింగు అవుతుంది. నేను కుట్టినది 24 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉన్న రెండు ముక్కలతో. మూడు పక్కలా రెండేసి కుట్లు వేసి, అడుగున రెండు మూలలనీ త్రికోణంగా మడిచి 6 అంగుళాల పొడవున అడ్డంగా కుడితే అడుగు చదునుగా కూర్చుంటుంది. అప్పుడు లైబ్రరీ పుస్తకాలు పెట్టినా, మూడు కిలోల ఉల్లిపాయలు పెట్టినా సంచి పక్కకి ఒరగదు.

బరువంతా పడేది పట్టీల మీద. కొన్న సంచులు మొదట తెగేది కూడా అక్కడే, పట్టీ అతికిన చోట ఒక్క వరస కుట్టు వేసి వదిలేస్తారు. 4 అంగుళాల పట్టీని నాలుగు మడతలు చేసి, పై అంచు మడతలోకి దూర్చి, అక్కడ చదరంగా కుట్టి, మధ్యలో గుణకారం గుర్తులాగా రెండు కుట్లు వేయాలి. జీన్సు గుడ్డకి 16 నంబరు సూది పెట్టకపోతే సూది విరుగుతుంది. మొత్తం పనికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

"మళ్ళీ ఆడపిల్లలకి కుట్టుపనేనా?" అని మన క్లాసులోనే ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మా అమ్మమ్మ ముప్పై ఏళ్ళు వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టింది. ఏ ఫారంలో చూసినా ఆవిడ వృత్తి "గృహిణి" అనే ఉంటుంది. అదే మిషన్ రోడ్డు పక్క చెట్టు కింద మగవాడు పెట్టుకుంటే ఆయన టైలరు. నాకు కోపం ఈ లెక్క మీదే, మిషన్ మీద కాదు. కుట్టు రావడం తప్పూ కాదు, అది ఆడవాళ్ళ సొత్తూ కాదు. ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడి చేతనే నా సంచి పట్టీలు కుట్టించాను. వాడి కుట్టు నా కుట్టు కన్నా తిన్నగా వచ్చింది, ఒప్పుకోక తప్పదు.

అందరికీ తీరిక ఉండదు, మిషనూ ఉండదు. కాలేజీ అయ్యాక ట్యూషన్లు చెప్పేవాళ్ళూ, పనికి వెళ్ళేవాళ్ళూ మనలో ఉన్నారు. అలాంటివాళ్ళు గుడ్డ తెచ్చి ఇస్తే మన గేటు ఎదురుగా ఉన్న టైలరన్న చేత కుట్టించవచ్చు. అచ్చు వేయించడానికి పక్కన పెట్టిన డబ్బులోంచి ఆయన కూలి ఇద్దాం, బేరం ఆడకుండా. తెలుగు అక్షరాలు ఉండాల్సిందే అంటారా, ఎవరికి నచ్చిన మాట వాళ్ళు దారంతో కుట్టుకోవచ్చు. అందరి సంచి మీదా ఒకే వాక్యం ఎందుకు?

ఆర్డరు ఇంకా ఇవ్వలేదని మేడం చెప్పారు. ఈ కాగితం పక్కనే ఒక తెల్ల కాగితం అంటించాను. గుడ్డ ఉన్నవాళ్ళు ఒక వైపు, మిషన్ ఉన్నవాళ్ళు ఇంకో వైపు పేర్లు రాయండి. ఏ శనివారం వీలవుతుందో కూడా రాయండి. 16 నంబరు సూదులు నేను తెస్తాను.