అమ్మ ఊరికే కూర్చుంది

కెమిస్ట్రీ తప్పి కాలేజీ నుంచి బయటపడ్డవాళ్ళలో ఓ గొప్ప చిత్రకారుడున్నాడు, తెలుసా? పేరు జేమ్స్ విస్లర్. వాళ్ళ నాన్న పేరున్న రైల్వే ఇంజినీరు. కొడుకుని మాత్రం 1854లో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ ఇంటికి పంపేసింది. సిలికాన్ గనక వాయువై ఉంటే తాను మేజర్ జనరల్ అయ్యేవాణ్ణని తర్వాత జోకులేసేవాడు.

1871లో లండన్‌లో అతను వాళ్ళమ్మ ఆనాని కుర్చీలో కూర్చోబెట్టి ఆయిల్ పెయింటింగ్ వేశాడు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియం సొత్తు. నల్ల గౌను, తెల్ల టోపీ, కాళ్ళ కింద చిన్న పీట, ఒడిలో చేతులు. 67 ఏళ్ళ ఆవిడ పక్కకి తిరిగి కూర్చుంది. మన వైపు చూడదు. నవ్వదు.

దానికి విస్లర్ పెట్టిన పేరు 'బూడిద, నలుపు రంగుల అమరిక'. కన్నతల్లిని పట్టుకుని 'అమరిక' అంటాడా, మనసు లేదా అనిపిస్తుంది. నాకైతే ఆ పేరే నచ్చింది. 'అమ్మ' అని పెట్టి ఉంటే, బొమ్మ చూడకముందే మన కళ్ళు చెమర్చేవి. తర్వాత చూసేదేముంది? ఇక్కడ అలా తప్పించుకోలేం. ఆ చేతిలోని లేసు రుమాలు, బిగిసిన పెదవులు, అన్నీ ఓపిగ్గా చూడాల్సిందే. కొడుకు అంత ఓపిగ్గా చూశాడు కాబట్టే వెయ్యగలిగాడు. అది ప్రేమ కాకపోతే ఏంటి?

1934లో అమెరికా ఇదే బొమ్మతో 3 సెంట్ల స్టాంపు వేసింది, దేశంలోని తల్లులందరి గౌరవార్థం. బొమ్మని కొంత కత్తిరించి, ఆవిడ ముందు లేని పూలకుండీ ఒకటి పెట్టారు. ఆనా పోయి 'మాతృమూర్తి' వచ్చింది.

మనం చేసేదీ అదే కదా. మదర్స్ డే స్టేటస్‌లో అమ్మ పొయ్యి దగ్గరో, చెమటతోనో, త్యాగంతోనో ఉండాలి. లేకపోతే చుట్టూ గులాబీలుండాలి. ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా, తన ఆలోచనలో తాను కూర్చున్న అమ్మ ఫోటో మన గ్యాలరీల్లో ఎన్ని ఉంటాయి? ఎప్పుడైనా అలా కనిపిస్తే "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడుగుతాం.

అందుకే ఈ పెయింటింగ్ నాకు ముఖ్యం. ఇందులో అమ్మ ఎవరికీ ఏమీ వడ్డించట్లేదు. ఊరికే కూర్చుంది. ఆ మాత్రానికే గోడంత బొమ్మకి సరిపోయింది.