గంట మోగిన ప్రతిసారీ లేస్తే పని ఎప్పుడు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, "కవితలు రాసేవాళ్లు, జోకులు ఏరేవాళ్లు మన రూముల్లో చాలామంది ఉన్నారు కదా సార్" అన్నాను. "నువ్వు కంప్యూటర్స్ గ్రూపు కదా, దాని మీదే రాయి. కాకపోతే ఆర్ట్స్ గ్రూపు పిల్లలకు కూడా అర్థం కావాలి" అన్నారు. ఆ షరతుకు ఒప్పుకొని రాస్తున్నాను. ఎక్కడైనా అర్థం కాకపోతే తమ్ముళ్లు నేరుగా మా రూముకు వచ్చి నన్ను పట్టుకోవచ్చు.

నేను రాయబోయేది, నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్లను కంప్యూటర్ లోపల కెర్నల్ ఎలా అందుకుంటుందనే సంగతి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము. ఇదే ఎందుకు ఎంచుకున్నానంటే దానికో కథ ఉంది. స్కాలర్‌షిప్ రెన్యువల్ చివరి రోజున మేం నలుగురం ఒక నెట్ సెంటర్ దగ్గర పొద్దున 10 గంటలకు నిలబడితే రాత్రి అయింది. పేజీ సగం వచ్చేది, ఆగిపోయేది. కులం సర్టిఫికెట్ నంబరు, ఆదాయం సర్టిఫికెట్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ నింపి సబ్మిట్ నొక్కితే తెల్ల తెర. మళ్లీ మొదటి నుంచి. "ట్రాఫిక్ ఎక్కువైంది తమ్ముడూ, పాపం సర్వర్ మాత్రం ఏం చేస్తుంది" అన్నాడు సెంటర్ నడిపే అన్న. వాగు పొంగితే బస్సు రాదని ఒప్పుకున్నట్టే ఆ మాటనూ అందరం ఒప్పుకున్నాం. తర్వాత గడువు పెంచారు కాబట్టి బతికిపోయాం.

ఈ ఏడాది ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుతుంటే ఆ అన్న మాట సగమే నిజమని తెలిసింది. జనం ఎక్కువ రావడం ఎవరి తప్పూ కాదు. ఎక్కువ వచ్చినప్పుడు చేయగలిగినంత మందికైనా పని పూర్తి చేసి, మిగిలినవాళ్లను గుమ్మం దగ్గరే ఆపకుండా, అందరినీ లోపలికి పిలిచి ఎవరి పనీ పూర్తి చేయకపోవడం మాత్రం కట్టినవాళ్ల తప్పే. కెర్నల్ రాసేవాళ్లు ఈ తప్పును తమ ఇంట్లోనే పట్టుకొని చాలా ఏళ్ల కిందటే దిద్దుకున్నారు.

ముందు మామూలు రోజు సంగతి చూద్దాం. మనం అడిగిన పేజీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క ఒక ప్యాకెట్. ఈథర్‌నెట్‌లో మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్లకు మించదు. వైరు మీద వచ్చిన ప్యాకెట్‌ను మొదట అందుకునేది నెట్‌వర్క్ కార్డు. మన పేరు మీద వచ్చిందా, దారిలో చెడిపోయిందా అని అది చూసుకుంటుంది. తర్వాత ప్రాసెసర్‌ను అడగకుండానే తిన్నగా ర్యామ్‌లో పెట్టేస్తుంది. దీన్ని డీఎంఏ అంటారు. ఎక్కడ పెట్టాలో కెర్నల్ ముందే వరుసగా గళ్లు గీసి చూపించి ఉంచుతుంది. ఆ గళ్ల వరుసే రింగ్ బఫర్. పెట్టాక కార్డు ప్రాసెసర్‌కు గంట కొడుతుంది. ఆ గంటే ఇంటరప్ట్. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఎక్కడ ఆపిందో గుర్తు రాసుకొని, గంట సంగతి చూసి, మళ్లీ పాత పనిలోకి వెళ్తుంది.

ఆ ప్యాకెట్‌ను కెర్నల్ పొర పొరగా విప్పుతుంది. ఐపీ అడ్రసు మనదేనా, ఫైర్‌వాల్ ఒప్పుకుంటుందా, టీసీపీనా యూడీపీనా అని చూసి, రెండు వైపుల అడ్రసులూ పోర్టు నంబర్లూ కలిపి అది ఏ ప్రోగ్రాముదో వెతికి, ఆ ప్రోగ్రాము సాకెట్ ముందున్న వరుసలో పెడుతుంది. నిద్రపోతున్న ప్రోగ్రామును లేపుతుంది. ఆ ప్రోగ్రాము తన వంతు వచ్చినప్పుడు డేటాను తన దగ్గరికి కాపీ చేసుకుంటుంది. అప్పటికిగాని ప్యాకెట్ చేరినట్టు కాదు. ఈ ఆఖరి మాట గుర్తు పెట్టుకోండి. ప్రోగ్రాము చేతికి అందని ప్యాకెట్ మీద కెర్నల్ ఎంత కష్టపడినా ఆ కష్టమంతా వృథా.

ఇప్పుడు రద్దీ రోజు. మన హాస్టల్లో జూన్, జూలైల్లో అడ్మిషన్ల హడావుడి అందరం చూసిందే. గేటు దగ్గర వాచ్‌మెన్, లోపల వార్డెన్ గారు. ఒక్కో తల్లిదండ్రులు రాగానే వాచ్‌మెన్ గంట కొడతాడు అనుకోండి. గంట మోగగానే వార్డెన్ గారు లేచి గేటు దాకా వెళ్లి, అప్లికేషన్ తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, కూర్చొని, రిజిస్టరు తెరుస్తారు. రోజుకు పదిమంది వస్తే ఇబ్బంది లేదు. గంటకు రెండొందల మంది వస్తే? కూర్చోబోయేలోగా ఇంకో గంట. బల్ల నిండిపోతుంది. కొత్తగా తెచ్చిన కాగితాలు పెట్టే చోటు లేక కింద పారేయాల్సి వస్తుంది. సాయంత్రానికి వార్డెన్ గారి కాళ్లు పీకుతుంటాయి, రిజిస్టరులో ఒక్క పేరు కూడా ఎక్కి ఉండదు.

పాత కెర్నళ్లలో సరిగ్గా ఇదే జరిగేది. ఇంటరప్ట్ పని అన్నిటికన్నా ముందు, ప్రోగ్రాముల పని ఆఖరున. ప్యాకెట్లు మరీ ఎక్కువైతే ప్రాసెసర్ కాలమంతా వాటిని లోపలికి తేవడానికే సరిపోయేది. తెచ్చినవాటిని వాడుకోవాల్సిన ప్రోగ్రాముకు వంతే వచ్చేది కాదు. దాని వరుస నిండిపోయి, అంత కష్టపడి తెచ్చిన ప్యాకెట్లను కెర్నల్ తానే పారేసేది. దీనికి రిసీవ్ లైవ్‌లాక్ అని పేరు. డెడ్‌లాక్ మన సిలబస్‌లో ఉంది, అందులో ఎవరూ కదలరు. లైవ్‌లాక్‌లో అందరూ పరుగెత్తుతూనే ఉంటారు, పని మాత్రం సున్నా. బయటి నుంచి చూసేవాడికి కంప్యూటర్ నూటికి నూరు శాతం కష్టపడుతున్నట్టే కనిపిస్తుంది.

జెఫ్రీ మొగల్, కె.కె. రామకృష్ణన్ అనే ఇద్దరు 1996లో దీని మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. రామకృష్ణన్ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి అమెరికా వెళ్లినవారు. వాళ్లు ఒక యునిక్స్ కంప్యూటర్‌ను రూటరుగా పెట్టి, ప్రతి ప్యాకెట్‌నూ ఒక ప్రోగ్రాము పరీక్షించి పంపేలా ఏర్పాటు చేసి కొలిచారు. సెకనుకు 2000 ప్యాకెట్ల దాకా బాగానే నడిచింది. అక్కడి నుంచి రాక పెరిగేకొద్దీ పోక తగ్గడం మొదలైంది. సుమారు 6000 దగ్గర ఒక్క ప్యాకెట్ కూడా బయటికి రాలేదు. 10 మెగాబిట్ల పాత ఈథర్‌నెట్ వైరు మీద చిన్న ప్యాకెట్లయితే సెకనుకు 14,880 దాకా రాగలవు. అంటే అంత నెమ్మది వైరు కూడా ఆ మెషీన్‌ను నిండా ముంచగలదన్నమాట. 2000 చేయగలిగినవాడికి 6000 ఇస్తే 2000 అయినా చేయాలి కదా, సున్నా ఎందుకవ్వాలి? ఈ ప్రశ్న చదివినప్పుడు నాకు ఆ తెల్ల తెరే గుర్తొచ్చింది.

వాళ్లు చెప్పిన మందు చాలా తేలిక. మొదటి గంట మోగగానే గంట తాడు కట్టేయండి. తర్వాత వార్డెన్ గారే తీరిక చూసుకొని గేటు దగ్గరి పెట్టెలోంచి కొన్ని కాగితాలు తెచ్చుకోవాలి, వాటి పని పూర్తి చేయాలి, మళ్లీ వెళ్లాలి. పెట్టె ఖాళీ అయ్యాకే తాడు విప్పాలి. పెట్టె నిండితే కొత్తగా వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేయాలి. లోపలి మనిషి వాళ్ల కోసం ఒక్క నిమిషం కూడా ఖర్చు పెట్టడు కాబట్టి ముందు వచ్చినవాళ్ల పని ఆగదు.

లినక్స్‌లోకి ఇదే ఆలోచన నాపి అనే పేరుతో వచ్చింది. జమాల్ హాదీ సలీమ్, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ అనే ముగ్గురు 2001లో దాన్ని వివరించారు. 2002లో వచ్చిన 2.4.20 కెర్నల్‌లో అది చేరింది. ఈనాటికీ లినక్స్‌లో ప్యాకెట్లు లోపలికి వచ్చే పద్ధతికి అదే పునాది. గంట మోగగానే డ్రైవరు ఆ కార్డు గంటను ఆపి, "ఈ కార్డు సంగతి చూడాలి" అని ఒక చీటీ రాసి వెళ్లిపోతుంది. అసలు పని తర్వాత సాఫ్ట్‌ఐఆర్‌క్యూ అనే దశలో జరుగుతుంది. ఒక కార్డు నుంచి ఒక్కసారికి మామూలుగా 64 ప్యాకెట్లకు మించి తీసుకోరు. ఇంకా ఉంటే ఆ కార్డు వరుస చివరికి వెళ్లి నిలబడాలి. అన్ని కార్డులూ కలిపి ఒక విడతకు 300. అప్పటికీ పని తెగకపోతే దాన్ని కె-సాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ అనే ప్రత్యేక థ్రెడ్‌కు అప్పగిస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ థ్రెడ్. ప్రతి ప్రాసెసర్‌కూ ఒకటి ఉంటుంది. అది కెర్నల్ సొంత మనిషే అయినా మామూలు ప్రోగ్రాముల వరుసలోనే నిలబడి తన వంతు కోసం చూస్తుంది. తలుచుకుంటే అందర్నీ తోసుకొని ముందుకు పోగలిగినవాడు కంచం పట్టుకొని లైన్లో నిలబడ్డట్టు. మన మెస్‌లో ఆదివారం చికెన్ రోజున ఈ సంస్కారం మన సీనియర్లలో ఎంతమందికి ఉందో మీకే తెలుసు (నన్ను కూడా కలుపుకొనే అంటున్నాను).

దీనికి ఒక అభ్యంతరం ఉంది. మొదట్లో నాకే ఉండేది. గేటు దగ్గరే ఆపేస్తే ఆ వచ్చినవాడి గతేమిటి? దూరం నుంచి, కూలి మానుకొని వచ్చినవాడు కావచ్చు. మనలాంటివాళ్లకు ఈ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు, గేటు బయట నిలబడటం మనకు కొత్త కాదు. దీనికి నాకు దొరికిన జవాబు ఇది. టీసీపీలో పారేసిన ప్యాకెట్‌ను పంపినవాడు మళ్లీ పంపుతాడు. పైగా ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని గ్రహించి వేగం తగ్గించుకుంటాడు. 1986లో ఇంటర్నెట్ రద్దీతో కుప్పకూలాక, వాన్ జాకబ్సన్ 1988లో ప్రకటించిన పద్ధతి అది. కాబట్టి తొందరగా "కాదు" అని చెప్పడం కూడా ఒక సమాచారమే. గంటలు గంటలు నిలబెట్టి, ఫారం అంతా నింపించి, ఆఖరి నిమిషంలో తెల్ల తెర చూపించడం కన్నా అది నయం. ఆ రోజు మాకు "ఇప్పుడు ఖాళీ లేదు, రెండు గంటలాగి రండి" అని మొదటి పేజీలోనే చెప్పి ఉంటే వెళ్లి క్లాసులు వినేవాళ్లం. చెప్పలేదు కాబట్టి నలుగురం నాలుగు ఫోన్లలో రిఫ్రెష్ కొడుతూనే ఉన్నాం. అలా కొట్టి కొట్టి మేమే రద్దీని ఇంకా పెంచాం.

అయితే నాపి పూర్తి న్యాయం చేస్తుందని చెప్పను. 64 లెక్క కార్డుల మధ్యే. ఒకే కార్డు మీద వెయ్యిమంది పంపుతుంటే, అందులో ఒకడు గొంతు చించుకొని పంపితే గళ్లన్నీ వాడివే అవుతాయి. నెమ్మదిగా వచ్చిన మిగతావాళ్లు బయటే. అంటే కార్డు కార్డుకూ సమానమే గాని మనిషి మనిషికీ కాదు. దీనికి విడిగా ఏర్పాట్లు కావాలి. 2016లో 4.8 కెర్నల్‌తో వచ్చిన ఎక్స్‌డీపీ వాటిలో ఒకటి. దాంతో కెర్నల్ పొరలు విప్పడం మొదలుపెట్టకముందే, డ్రైవరు దగ్గరే, అక్కర్లేనివాటిని ఏరి పారేసే ప్రోగ్రాము రాసుకోవచ్చు. ఇప్పటి వేగాలకు ఇది తప్పదు. 10 గిగాబిట్ల లైను మీద చిన్న ప్యాకెట్లు సెకనుకు కోటీ 48 లక్షల పైచిలుకు రాగలవు. ఒక్కోదానికి దొరికే సమయం సుమారు 67 నానో సెకన్లు. అంతలో ఏం ఆలోచిస్తాం?

ఆ సైటులో చిక్కు కెర్నల్‌కు పైనున్న అంతస్తుల్లో, ఏ డేటాబేస్ దగ్గరో ఉండవచ్చు. అంతస్తు ఏదైనా రోగం ఒకటే, పథ్యమూ ఒకటే. మోయగలిగినంతే లోపలికి తీసుకోవాలి, తీసుకున్నది పూర్తి చేయాలి. 1996 నుంచీ పుస్తకాల్లో ఉన్న విషయం తెలియనట్టు "ట్రాఫిక్ ఎక్కువ" అని చేతులెత్తేస్తే ఇకమీదట నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోవద్దని నా మనవి.

మన క్లాసుల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. ఓఎస్ఐ ఏడు పొరల పేర్లు మన చేత వల్లె వేయిస్తారు. ఐదు మార్కుల ప్రశ్న, బొమ్మ గీస్తే రెండు మార్కులు. ఆ ప్యాకెట్ కార్డు లోంచి ప్రోగ్రాము దాకా ఎలా నడిచి వచ్చిందో ఒక్క పీరియడు కూడా చెప్పరు. అడిగితే "పరీక్షలో రాదు" అంటారు. చాలామంది అన్నలు ఇదంతా వేలు పోసి కోర్సు చేస్తేగాని రాదనుకుంటున్నారు. లినక్స్ కెర్నల్ ప్రతి లైనూ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. నెట్ అనే ఫోల్డరులో కోర్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులో డెవ్.సి అనే ఫైలులో నేను పైన చెప్పిన 300 లెక్క నడిచే చోటు ఉంది. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ ఒక్క ఫంక్షన్ అర్థం కావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇంగ్లీషు కన్నా సి భాషే తేలిగ్గా ఉంది, నిజంగా.

స్టడీ రూములో మూలనున్న పాత కంప్యూటర్‌లో లినక్స్ వేశాను. అందులో ప్రాక్ అనే డైరెక్టరీలో ఇంటరప్ట్స్ అనే ఫైలు తెరిస్తే ఏ కార్డు ఎన్నిసార్లు గంట కొట్టిందో కనిపిస్తుంది. ప్రాక్ లోపలి నెట్‌లో సాఫ్ట్‌నెట్ స్టాట్ అని ఇంకో ఫైలు ఉంది. ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో వరుస. మొదటి నిలువు గడిలో అందుకున్న ప్యాకెట్లు, రెండో దాంట్లో వరుస నిండి పారేసినవి, మూడో దాంట్లో పని మిగిలుండగానే విడత ముగించాల్సి వచ్చిన సార్లు. అంకెలు హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, కంగారు పడకండి. నిన్న రాత్రి స్టడీ అవర్ అయ్యాక చూశాను. రెండో గడి ఇంకా సున్నాయే. వచ్చే ఆదివారం ఇద్దరు తమ్ముళ్లు ఇంకో కంప్యూటర్ పట్టుకొస్తే, అందులోంచి ప్యాకెట్ల వరద పంపి ఏ గడి ఎప్పుడు కదులుతుందో కలిసి చూద్దాం. కేబుల్ నా దగ్గర ఉంది.