బోర్డు పోయిందంటే నమ్మొద్దు, ముందు రెండు కొలతలు అడగండి

పోస్టు కొంచెం పెద్దది. బోరు మీద బతికే ప్రతి ఒక్కరికీ పనికొచ్చేది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మన స్టార్టర్ డబ్బాలో ఏ తేడా వచ్చినా మెకానిక్ చెప్పే మాట ఒక్కటే. "బోర్డు పోయిందన్నా, కొత్తది వెయ్యాల." ఫోన్ చేస్తే మోటారు ఆన్ కాకపోయినా బోర్డే. రిలే టకటకా కొట్టుకున్నా బోర్డే. లైటు వెలగకపోయినా బోర్డే. బోర్డులో ఏం పోయింది అని మనం అడగం, వాళ్ళు చెప్పరు. పాత బోర్డు కూడా వాళ్ళే సంచిలో వేసుకుని పోతారు. మనం వేలు లెక్కపెట్టి ఇచ్చి దండం పెట్టి పంపిస్తాం.

నేను చెప్పేది ఒక్కటే. రెండు కొలతలు చెప్పకుండా బోర్డు మార్చమన్న వాళ్ళకి డబ్బులు ఇవ్వొద్దు. ఆ రెండు ఏందంటే, రెగ్యులేటర్ ఐసీకి లోపలికి ఎన్ని వోల్టులు పోతున్నాయి, బయటికి ఎన్ని వస్తున్నాయి. అంతే.

ముందు ఈ ఐసీ సంగతి చెప్పుకుందాం. స్టార్టర్ బోర్డుకి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పదిహేనో, పద్దెనిమిదో వోల్టులు ఏసీ వస్తుంది. నాలుగు డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. నిలువు డబ్బాలాంటి కెపాసిటర్ దాన్ని నిలకడ చేస్తుంది. ఆ తర్వాత మూడు కాళ్ళ నల్ల ఐసీ, వెనక రేకు, రేకుకి బొక్క. అదే రెగ్యులేటర్. లైన్లో కరెంటు ఎగుడుదిగుడుగా ఉన్నా అది మాత్రం ఒకే వోల్టేజీ ఇయ్యాల. దాని మీద 7812 అని ఉంటే 12 వోల్టులు, 7805 అని ఉంటే 5 వోల్టులు. చివరి రెండు అంకెలే వోల్టులు. 7812 మంచిదైతే పదకొండున్నర నుంచి పన్నెండున్నర మధ్య ఇస్తుంది. 7805 అయితే 4.8 నుంచి 5.2 మధ్య. ఈ రకం ఐసీలు యాభై ఏళ్ళ నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు, కొత్త విద్య ఏం కాదు. దుకాణంలో పది నుంచి పాతిక రూపాయలకి దొరుకుతుంది.

అంకెలు మన వైపుకి, కాళ్ళు కిందికి పెట్టి చూస్తే 78 రకంలో ఎడమ కాలు ఇన్‌పుట్, మధ్యది నెగెటివ్, కుడి కాలు అవుట్‌పుట్. మీటర్ నల్ల తీగ మధ్య కాలికి, ఎర్ర తీగ ఎడమ కాలికి పెడితే మొదటి కొలత. ఎర్ర తీగ కుడి కాలికి మారిస్తే రెండో కొలత. ఎల్‌ఎమ్ 317 అని ఉంటే మాత్రం కాళ్ళ వరుస వేరు. అక్కడ ఎడమది అడ్జస్ట్, మధ్యది అవుట్‌పుట్, కుడిది ఇన్‌పుట్. దాని వోల్టేజీని పక్కన ఉండే రెండు రెసిస్టర్లు నిర్ణయిస్తాయి. వాటిలో ఒకటి కాలినా ఐసీ మంచిదే అయి ఉండి వోల్టేజీ తారుమారు అయిద్ది. అందుకే ముందు నెంబరు చదవాల.

ఇప్పుడు ఆ రెండు కొలతలు ఏం చెప్తాయో చూడండి.

ఒకటి. ఇన్‌పుటే తక్కువ. 7812 పన్నెండు ఇయ్యాలంటే లోపలికి కనీసం పద్నాలుగున్నర పోవాల. తను పనిచెయ్యడానికి ఐసీ ఓ రెండు వోల్టులు మింగుద్ది. లోపలికి పదమూడు పోతే బయటికి పదకొండే వస్తాయి. తప్పు ఐసీది కాదు. కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉండొచ్చు, డయోడు పోయి ఉండొచ్చు, లేదంటే అసలు లైన్లోనే కరెంటు తక్కువ ఉండొచ్చు.

రెండు. ఇన్‌పుట్ బాగుంది, అవుట్‌పుట్ తక్కువ. అప్పుడు కరెంటు ఆపి, ఐసీ తర్వాత ఉన్న రిలే, సిమ్ బోర్డు ఊడదీసి మళ్ళీ కొలవాల. పన్నెండుకి వచ్చిందా, అయితే ఐసీ మంచిది, ఊడదీసిన దాంట్లో షార్ట్ ఉంది. మన డబ్బాల్లో చీమలు పుట్టలు పెడతాయి, బల్లులు పడి చస్తాయి, ఆ షార్టులు కూడా ఇక్కడే తేలతాయి. అన్నీ ఊడదీసినా పెరగకపోతే అప్పుడు ఐసీ మార్చండి.

మూడు. అవుట్‌పుట్ ఎక్కువ. పన్నెండు రావాల్సిన చోట పదహారు, పదిహేడు వస్తున్నాయి. లోపల ఐసీ షార్ట్ అయినా ఇట్లా వస్తుంది. అయితే మధ్య కాలు సాల్డరింగ్ విడిచినా ఇట్లాగే వస్తుంది. నెగెటివ్ దొరక్క ఐసీ వచ్చింది వచ్చినట్టు వదిలేస్తుంది. మోటారు అదురుకి డబ్బా అదిరి అదిరి ఆ కాలు దగ్గర సన్న పగులు వస్తుంది. అది అతికితే ఖర్చు సున్నా. చూడకుండా వదిలేస్తే తర్వాత ఉన్న భాగాలన్నీ కాలతాయి.

నాలుగు. మీటర్లో పన్నెండు సరిగ్గా చూపిస్తుంది, అయినా రిలే కొట్టుకుంటుంది. మీటర్ని ఏసీకి తిప్పి అదే చోట కొలవండి. అర వోల్టో, వోల్టో కనిపిస్తే కెపాసిటర్ ఎండిపోయింది. ఇంకో రకం, కొలిచినప్పుడు బాగుండి కాసేపటికి పడిపోద్ది. ఐసీ వేడెక్కి తనంతట తాను ఆగుతుంది. మే నెల ఎండలో రేకు డబ్బాలో ఉంటే వేడెక్కక ఏం చేస్తది? వెనక రేకు స్క్రూ బిగించి, దుమ్ము దులిపి, డబ్బాకి నీడ పెట్టండి.

ఫోన్ స్టార్టర్ ఉన్నోళ్ళకి ఒక మాట. సిమ్ బోర్డుకి సాధారణంగా 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య ఉండాల. సిగ్నల్ పట్టుకునేటప్పుడు అది ఒక్క క్షణం రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ దెబ్బకి వోల్టేజీ పడితే సిమ్ బోర్డు ఆగి మళ్ళీ మొదలవుతుంది. మీటర్ అంత తొందరగా చూపించదు. దీన్నే "సిమ్ పోయింది, టవర్ లేదు, బోర్డు పోయింది" అని మూడు రకాలుగా చెప్పి మూడుసార్లు డబ్బులు తీసుకుంటారు. ముందు ఆ పక్కన ఉన్న కెపాసిటర్ మార్చి చూడమనండి.

మా పక్క చేను ఆయన సంగతి వినండి. మిరప పూత మీద ఉంది. రిలే కొట్టుకుంటుందని బోర్డు మార్చారు. కొత్త బోర్డూ అట్లాగే కొట్టుకుంది. "ఇదీ డిఫెక్టు పీసే" అని ఇంకోటి తెచ్చారు. అప్పటికి ఐదు రోజులు తడి లేదు. చివరికి ఎలక్ట్రీషియన్ చదువుకున్న కుర్రాడొకడు మీటర్ పెడితే ఇన్‌పుట్ 12.8, అవుట్‌పుట్ 10.9. బోర్డులు మూడూ మంచివే. లైన్ మీద ఒక ఫేజు జంపరు లూజు. లైన్‌మన్ వచ్చి బిగించాడు, అంతే. రెండు బోర్డుల డబ్బులూ పోయాయి, రాలిన పూత రాలింది. మొదటిరోజే ఆ రెండు అంకెలు చూసి ఉంటే అరగంట పని.

ఇది బోర్డు ఖర్చుతో పోయేది కూడా కాదు. వోల్టేజీ తక్కువై రిలే కొట్టుకుంటే కాంటాక్టర్ పాయింట్లు కాలతాయి. పాయింట్లు కాలితే ఒక ఫేజు అందదు. రెండు ఫేజుల మీద మోటారు గుంజి గుంజి వైండింగ్ కాలుద్ది. ఆపాల్సిన ప్రివెంటర్ కూడా ఆ బోర్డులోదే, దానికే సరైన వోల్టేజీ లేకపోతే ఏం ఆపుద్ది? ఆరేడు వందల అడుగుల నుంచి మోటారు లాగడం, వైండింగ్, మళ్ళీ దించడం. దాని ఖర్చు మీకు నేను చెప్పక్కర్లేదు.

"రైతుకెందుకయ్యా ఈ ఎలక్ట్రానిక్సు" అనేవాళ్ళు ఉంటారు. మన నాయనల కాలంలో ఆయిల్ ఇంజన్ నాజిల్ ఎవరు విప్పారు? ఫుట్ వాల్వు వాషరు ఎవరు వేశారు? మనమే. ఫ్యూజు కట్టడం పదో తరగతి పిల్లోడికి వచ్చు. వచ్చిన చిక్కల్లా డబ్బా మీద ఆకుపచ్చ బోర్డు కనపడగానే మనం కళ్ళు మూసుకోవడమే. నేను మెకానిక్ అవ్వమనట్లేదు. పాలు పోసేటప్పుడు వెన్న శాతం అడుగుతాం, పొగాకు వేలంలో గ్రేడు ఎందుకు తగ్గిందని అడుగుతాం. బోర్డుకీ అట్లాగే అంకె అడగమంటున్నా.

మెకానిక్ వైపు న్యాయం కూడా ఉంది. ఐసీ మార్చి పాతిక రూపాయలు అడిగితే మనం పదిహేను ఇస్తాం. గంటసేపు వెతికినందుకు కూలి ఇవ్వం. వారంలో ఇంకోటి పోతే అతన్నే తిడతాం. అందుకే బోర్డు మార్చడం అతనికి తేలిక. కాబట్టి కొలిచి, తప్పు పట్టుకుని, బాగుచేసిన వాడికి మంచి కూలి ఇయ్యండి. వస్తువుకి కాదు, పనికి డబ్బులు ఇచ్చే అలవాటు మనకి రావాల.

తయారు చేసేవాళ్ళని మాత్రం వదలకూడదు. కొందరు ఐసీ మీద నెంబరు గీకేస్తున్నారు. కొందరు బోర్డంతా నల్ల జిగురు పోసి మూసేస్తున్నారు. తేమ రాకుండా అంటారు. తేమకి పల్చటి వార్నిషు చాలదా? సర్క్యూట్ బొమ్మ అడిగితే ఇవ్వరు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రైట్ టు రిపేర్ అని, అంటే బాగుచేసుకునే హక్కు అని, పని మొదలుపెట్టింది. అందులో వ్యవసాయ పరికరాలు కూడా చేర్చారు. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతు పరికరాల కోసమే చట్టం చేసింది. ట్రాక్టరు బాగుచేసుకునే వివరాలు, విడిభాగాలు రైతుకి ఇయ్యాలని. అక్కడ వందల ఎకరాల రైతు అడిగి సాధించుకున్నాడు. నాలుగెకరాల మనం నోరు తెరిచి అడగకపోతే ఎవరిస్తారు?

మనం అడగాల్సినవి ఇవి. డబ్బా మూత లోపల సర్క్యూట్ బొమ్మ, ఏ చోట ఎన్ని వోల్టులు ఉండాలో రాసి అతికించాలి. ఐసీ నెంబర్లు గీకకూడదు. ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక మీటర్ పెట్టాలి, నెలకోసారి ఐటీఐ పిల్లలతో కొలవడం నేర్పించాలి. పాత బోర్డు రైతుకే తిరిగి ఇవ్వాలి, అది మన సొత్తు.

జాగ్రత్త మాట గట్టిగా చెప్తున్నా. మూడు ఫేజుల కరెంటు 415 వోల్టులు, తప్పు చేస్తే మనిషే ఉండడు. తెలియని వాళ్ళు లైన్ ఉండగా డబ్బాలో మీటర్ పెట్టొద్దు, కొలిచేవాడి పక్కన నిలబడి అంకె చూడండి చాలు. కొన్ని చౌక బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, బోర్డు మొత్తం లైవ్‌లోనే ఉంటుంది. వాటి జోలికి అసలు పోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ విడిగా ఉన్న 12 వోల్టుల బోర్డు అయితే ఫ్యూజులు పీకి, ట్రాన్స్‌ఫార్మర్ తీగలు బోర్డు నుంచి విప్పేసి, ఇంటికి తెచ్చి, ఆ తీగల చోట పాత లాప్‌టాప్ చార్జరు 19 వోల్టులు ఇచ్చి టేబుల్ మీద కొలిపించుకోవచ్చు. ఇంకోటి, మీటర్లో బ్యాటరీ అయిపోతే అది తప్పు అంకెలు చూపిస్తుంది. ముందు కొత్త సెల్లు మీద పెట్టి 1.5 చూపిస్తుందో లేదో చూసుకోండి.

ఈసారి మీ డబ్బా దగ్గరికి ఎవరు వచ్చినా "లోపలికెంత, బయటికెంత?" అని అడగండి. చెప్పినోడికి కూలి ఇయ్యండి. చెప్పలేనోడిని టీ ఇచ్చి పంపించండి. మీ బోర్డు ఐసీ నెంబరు, రెండు కొలతలు కింద రాయండి, తెలిసినోళ్ళం కలిసి చూద్దాం. మీ ఊరి గ్రూపుల్లో కూడా పెట్టండి.