బోర్డుకూ ఓ పేరుండాలి!

చాలారకాల టీకా మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే దాచాలి. ఫ్రిజ్ లోపలి చల్లదనాన్ని కొలిచి చూపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డును తయారుచేయడం ఇంజినీరింగ్ విద్యార్థులకు పెద్ద పనేం కాదు. ఓ సెన్సర్, ఓ మైక్రోకంట్రోలర్, అంకెలు కనిపించే బుల్లి తెర... అంతే! కానీ అర్ధరాత్రి ఫ్రిజ్ కంప్రెసర్ మొరాయిస్తే? తెరమీద అంకె మారుతుంది. చూసేవాళ్లే ఉండరు.

ఆ అంకె గది దాటి బయటికి రావాలంటే బోర్డుకు నెట్‌వర్క్ కలపాలి. 'వైఫై ఉందిగా' అంటారేమో. ఏళ్ల తరబడి ఒకేచోట కదలకుండా ఉండే యంత్రాలకు తీగే నమ్మకం. సిగ్నల్ అందకపోవడం, పాస్‌వర్డ్ మారడం లాంటి తంటాలుండవు. ఆ తీగమీద నడిచే పద్ధతి పేరే ఈథర్‌నెట్.

దాని వయసు యాభై దాటింది. 1973 మే 22న అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ రాసిన ఓ మెమోలో ఈ పేరు పుట్టింది. కాంతిని మోసుకెళ్లే 'ఈథర్' విశ్వమంతా నిండి ఉందని పూర్వం శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ మాటనే ఆయన తీసుకున్నారు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి తయారుచేసిన తొలి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు.

ఇంతకీ సొంతంగా తయారుచేసుకున్న బోర్డుకు ఈథర్‌నెట్ ఎలా కలుపుతారు? సాకెట్ తెచ్చి అతికిస్తే సరిపోదు. మూడు కావాలి.

మొదటిది, భాష తెలిసిన చిప్. మైక్రోచిప్ సంస్థ తయారుచేసే ఈఎన్‌సీ28జే60 అలాంటిదే. 28 కాళ్లుంటాయి. నాలుగైదు తీగలతో మైక్రోకంట్రోలర్‌కు జతచేయొచ్చు. వేగం 10 మెగాబిట్లే. అయితేనేం? 'ఫ్రిజ్‌లో 9 డిగ్రీలు' అని చెప్పడానికి అది చాలా ఎక్కువ!

రెండోది, రక్షణ. ఈథర్‌నెట్ రాగి తీగ 100 మీటర్ల దాకా వెళ్లొచ్చు. అవతలి కొసన కరెంటు తేడాలుంటే బోర్డు మాడిపోకుండా మధ్యలో చిట్టి ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. సమాచారం అయస్కాంత క్షేత్రం ద్వారా అటూఇటూ దాటుతుంది. తీగలు మాత్రం ఒకదానికొకటి తగలవు. 1500 వోల్టులను నిమిషంపాటు తట్టుకోవాలన్నది నిబంధన. కొన్ని సాకెట్లలో ఇది లోపలే ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొనేముందు చూసుకోవాల్సింది ఇదే.

మూడోది, పేరు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే! ఈథర్‌నెట్‌లోని ప్రతి పరికరానికీ 48 బిట్ల చిరునామా ఉంటుంది. దాన్నే మ్యాక్ అడ్రస్ అంటారు. ఇలాంటివి 281 లక్షల కోట్లు సాధ్యం. అన్ని ఉన్నా, నమూనా ప్రోగ్రాంలో ఉన్న చిరునామానే యథాతథంగా దించేసుకుంటారు. ఒక బోర్డు చక్కగా పనిచేస్తుంది. అచ్చం అలాంటిదే రెండోది చేసి రెండో ఫ్రిజ్‌కు తగిలిస్తారు. విడిగా చూస్తే అదీ బాగానే ఉంటుంది. రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌కు కలపగానే మొదలవుతుంది తికమక. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోర్ నెంబరుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఒకరి ఉత్తరం మరొకరి ఇంట్లో వేస్తాడు. నెట్‌వర్క్ స్విచ్ చేసేదీ అదే. ఒక బోర్డుకు రావాల్సిన జవాబు రెండోదానికి వెళ్తుంది. సందేశాలు కాసేపు వస్తాయి, కాసేపు రావు. తప్పు చిప్‌దో సోల్డరింగ్‌దో అనుకుని రోజుల తరబడి వెతుకుతారు.

విరుగుడు తేలికే. ఎక్కడా పునరావృతం కాని చిరునామాను ముందే నింపిన చిన్న మెమరీ చిప్‌లు దొరుకుతాయి. సొంత నెట్‌వర్క్ వరకే అయితే 02తో మొదలయ్యే చిరునామా పెట్టుకుని, బోర్డు బోర్డుకూ చివరి అంకె మార్చినా చాలు. ఆ అంకెను కాగితంమీద రాసి బోర్డుకు అంటించాలి. ఆపైన ఒక్కోదాన్నీ విడిగా కాదు, అన్నింటినీ ఒకేసారి కలిపి పరీక్షించాలి.

రెండో ఫ్రిజ్ వేడెక్కిన రాత్రి, ఆ కబురు చేరుతుందా లేదా అన్నది ఆ ఒక్క అంకె మీదే ఆధారపడొచ్చు మరి!