సేవ అనే మాట చాటున



మే 12 నర్సుల దినం. ఆ వారం అనేక సంఘాల్లో సిస్టర్లను ముందుకు పిలిచి, శాలువా కప్పి, "మీది ఉద్యోగం కాదమ్మా, సేవ, మీ జీతం పరలోకంలో ఉంది" అంటారు. ఈ ప్రసంగానికి మేము ఒప్పుకోము. పరలోకంలో బహుమానం ఇచ్చేది దేవుడు. నెలాఖరున జీతం ఇవ్వవలసినది యజమాని. దేవుని బహుమానం చూపించి యజమాని తన బాకీ ఎగ్గొట్టడానికి వాక్యంలో చోటు లేదు. బిగబట్టిన కూలి దేవునికే మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తోంది.

మన పల్లెల నుండి నర్సింగ్ చదివిన ఆడబిడ్డలు ఎందరో హైదరాబాదులో ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట వైపు ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. హాస్టల్ ఖర్చు పోగా మిగిలింది ఇంటికి పంపుతున్నారు. కాబట్టి ఇది పట్నం సంగతి అనుకోవద్దు.

ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రినే చూడండి. క్షయ రోగుల దగ్గు మధ్యే అక్కడి సిస్టర్ల డ్యూటీ. 2020 మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టి, పళ్ళేలు మోగించింది. జూన్‌లో ఆ ఆసుపత్రి హెడ్ నర్సు ఒకరు, రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు, కోవిడ్‌తో చనిపోయారు. జూలైలో గాంధీ ఆసుపత్రి అవుట్‌సోర్సింగ్ నర్సులు ఉద్యోగ భద్రత, న్యాయమైన జీతం అడుగుతూ విధులు ఆపి ధర్నాకు కూర్చున్నారు. చప్పట్లకూ ధర్నాకూ మధ్య నాలుగు నెలలు కూడా లేవు.

ఎంత ఇవ్వాలో తెలియక కాదు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు మేరకు కేంద్రం వేసిన కమిటీ లెక్క చెప్పింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 50 పడకల లోపు ఆసుపత్రి అయినా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలి. మీ బిడ్డకు ఫోన్ చేసి అడగండి: "నైట్ డ్యూటీలో ఒక్కదానివే ఎందరిని చూస్తున్నావమ్మా?"

అలాంటి రాత్రి పొరపాటు జరిగితే మెమో ఎవరికి? డ్యూటీ లిస్టు వేసినవారికి కాదు, ఆ ఒక్క పిల్లకే. దీనిని నాయకత్వం అనలేము. మందను మేపక తమ్మును తామే మేపుకొన్న కాపరులను యెహెజ్కేలు 34లో దేవుడు లెక్క అడిగాడు.

"బైబిలు తగ్గింపు నేర్పింది కదా" అని కొందరంటారు. నేర్పింది. అయితే మత్తయి 20:25-28లో ప్రభువు ఆ పాఠం చెప్పింది పైన కూర్చోవాలని ఆశపడినవారికి.

నిర్గమకాండము మొదటి అధ్యాయంలోని మంత్రసానులు షిఫ్రా, పూయాలను తలంచండి. పసివారిని చంపమన్నది రాజు. వారు దేవునికి భయపడి ఆ పని చేయలేదు. చూడని బీపీని చూసినట్టు కేస్ షీటులో రాయమన్నప్పుడు "రాయము" అని, తన కింది పిల్లల పక్షాన నిలబడే ఇన్‌చార్జి సిస్టర్ వారి వరుసలోనిదే. దేవుడు ఆ మంత్రసానులకు వంశాభివృద్ధి కలుగజేశాడు, వారిని ఆదరించాడు.

ఆసుపత్రి నడిపే విశ్వాసీ, నీ దగ్గర పట్టి ఉంచిన ఒరిజినల్ సర్టిఫికెట్లు ఈ వారమే తిరిగి ఇచ్చేయి. కానుక పెట్టె దగ్గరకు ఆ తర్వాత రా. ఇన్‌చార్జిగా ఉన్న సహోదరీ, నైట్ డ్యూటీ చేసి దిగిన పిల్లను మళ్ళీ పగలు నిలబెట్టవద్దు. సంఘమా, ఈసారి శాలువాతో సరిపెట్టక, ఆ బిడ్డ జీతం అడిగినప్పుడు ఆమె పక్కన నిలబడు.

ఆమె కూలి మొరను ఆలకించే ప్రభువు మనకు న్యాయమైన మనసు దయచేయును గాక. ఆమేన్.