కాలువ గట్టు పట్టా కాదు

తుంగభద్ర ఎడమ కాలువ కింద ఏటా ఒకటే కథ. నీళ్లు వదిలిన కొద్ది రోజులకే గంగావతి, కారటగి వైపు నారుమళ్లు పచ్చబడతాయి. దిగువన మాన్వి, సిరవార రైతులు ఎండిన ఉపకాలువ దగ్గర ధర్నాకు దిగుతారు. నీళ్లేమయ్యాయంటే గట్టు వెంట మోటార్ల మోతే జవాబు. ‘మా చేను పక్కనుంచే పోతున్న నీళ్లు మేం వాడుకుంటే తప్పా?’ అంటారు ఎగువవాళ్లు. వాళ్లలో క్యాంపుల తెలుగు రైతులూ తక్కువేం కాదు.

అడిగిన ప్రశ్న న్యాయంగానే వినిపిస్తుంది. చట్టం మాత్రం అంత సులువుగా ఒప్పుకోదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం సహజమైన వాగు, ఏరు, చెరువు ఒడ్డున భూమి ఉన్నవారు తాగడానికి, ఇంటి వాడకానికి, పశువులకు ఆ నీరు తీసుకోవచ్చు. ఒడ్డునున్న ఆ చేనూ తడుపుకోవచ్చు. అయితే సాటి ఒడ్డు రైతులకు చెప్పుకోదగ్గ నష్టం జరగకూడదు. అదీ ఏటి సంగతి. ప్రజల సొమ్ముతో తవ్విన కాలువ నీటి పంపకం సర్కారు చేతిలోనిదేనని అదే చట్టం రెండో సెక్షన్ చెబుతోంది. ఏటి ఒడ్డు హక్కును కాలువ గట్టుకు తెచ్చి అతికిస్తే అతకదు.

అసలు ఈ ప్రాజెక్టును తలపెట్టిందే కొద్ది నీటిని ఎక్కువ నేలకు పంచాలని. ఆయకట్టులో సింహభాగం ఆరుతడికి. వరికి కేటాయించింది కొంతే. 1953లో నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చిన రైతులు బీడును మాగాణి చేశారు. ఆ చెమటను ఎవరూ కాదనలేరు. కానీ జొన్నకో వేరుశనగకో రాసిచ్చిన నేలలో వరి వేస్తే, ఆ అదనపు తడి చివరి తూము రైతు వాటాలోంచే రావాలి. ఇప్పటికీ క్యాంపుల వైపు పొలం కొనేవాళ్లు ‘కాలువ ఆనుకునే ఉంది’ అన్న మధ్యవర్తి మాటకు బయానా ఇచ్చేస్తున్నారు. ఆ సర్వే నంబరు ఆయకట్టులో ఉందా, ఉంటే ఏ పంటకు, అని నీటిపారుదల కార్యాలయంలో విచారించేది ఎందరు?

కుడి గట్టున చిక్కు ఇంకో రకం. బచావత్ ట్రిబ్యునల్ దిగువ కాలువ నీటిలో కర్ణాటకకు 19 టీఎంసీలు, ఆంధ్రప్రదేశ్‌కు 24 టీఎంసీలు పంచింది. ఆంధ్ర వాటా సరిహద్దు చేరాలంటే దాదాపు 250 కిలోమీటర్లు కర్ణాటకలో ప్రయాణించాలి. సిరుగుప్ప దగ్గర దించిన పైపు ఎమ్మిగనూరులో వియ్యంకుడి చేను ఎండగడుతుంది! నదీజలాలు ఏ ఒక్క రాష్ట్రం సొత్తూ కావని 2018లో కావేరి తీర్పులో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రానికే లేని సొంతదారీ గట్టు రైతుకు ఎక్కడిది?

పైగా ఉన్న నీరే తగ్గుతోంది. 133 టీఎంసీల జలాశయం పూడికతో సుమారు 105కు కుంచించుకుపోయింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఎగువా దిగువా ఒకేలా గుండెలు బాదుకున్నాయి. కన్నయ్యనాయుడు సలహాతో స్టాప్‌లాగ్‌లు దించి నీరు ఆపారు కాబట్టి సరిపోయింది.

అదే ఏడాది కర్ణాటక నీటిపారుదల చట్టాన్ని సవరించి అక్రమంగా తోడేవారికి శిక్షలు పెంచింది. మంచిదే. అయితే రెండెకరాల వాడి మోటారు ఎత్తుకెళ్లి, వందెకరాల వాడి పైపు జోలికి పోకపోతే ఆ చట్టం ఎందుకు? ఆయకట్టుకు ఆవల, గట్టు పక్కనే ఎండుతున్న మెట్ట రైతు దాహమూ నిజమైనదే. వీలున్నచోట అనుమతితో ఎత్తిపోతల ఇవ్వాలి గానీ దొంగచాటు పైపు దారి చూపకూడదు. ప్రతి ఉపకాలువ తల దగ్గర కొలబద్ద పెట్టి, ఆ రోజు ఎంత నీరు వదిలారో కన్నడంలోనూ తెలుగులోనూ బోర్డు మీద రాయాలి. వంతు చివరి తూము నుంచి మొదలుపెట్టాలి. సీజనుకు ముందు జరిగే నీటిపారుదల సలహా సమితి సమావేశంలో, ఎమ్మెల్యేల కంటే ముందు ఆ తూము రైతును మాట్లాడనివ్వాలి.